మడ అడవిలో కూడా ఒకటే పంట వేద్దామా?

పై వీడియోలో కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి చూశారు కదా. "సికింద్రాబాద్‌లో ఉండి సముద్రం ఒడ్డు చెట్ల గోల నీకెందుకయ్యా?" అని అడిగేవాళ్లు ఉంటారు. మన జంటనగరాల కుళాయిల్లో వచ్చే నీళ్లలో కొన్ని ఎల్లంపల్లి నుంచి తోడిన గోదావరి నీళ్లే. అదే గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్నది ఈ అడవి.

1978లో అభయారణ్యమైన కోరింగ దాదాపు 235 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. బోటు మీంచి చూస్తే అంతా ఒకటే పచ్చదనం. దగ్గరికెళితే తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల, కళింగ... దేని బతుకు దానిదే. మడ చెట్టు బురదలోంచి పెన్సిళ్లలాంటి వేర్లు పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. ఒంట్లోకి వచ్చిన ఉప్పును ఆకుల మీదకి వదిలేస్తుంది, నాలుకకి ఆనించి చూస్తే తెలుస్తుంది. పొన్న అలా కాదు, ఉప్పును చాలావరకు వేరు దగ్గరే ఆపేస్తుంది. ఊడల్లాంటి వేర్లతో ఒడ్డును పట్టుకుంటుంది. దాని గింజ తల్లి చెట్టు మీదే మొలకెత్తి కింద పడుతుంది. తిల్ల పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి, చూపుకే ప్రమాదం.

ఇప్పుడు నా అభ్యంతరం. మడ అడవి అనగానే మనం విస్తీర్ణమే లెక్కపెడుతున్నాం. 2021 అటవీ నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 405 చదరపు కిలోమీటర్లు అని రాశారు. సంతోషమే. కానీ అందులో ఎన్ని రకాలున్నాయి? తేలిగ్గా బతుకుతుందని తెల్ల మడ ఒక్కటే నాటుకుంటూ పోతే ఎకరాలు పెరుగుతాయి, అడవి పెరగదు. నవధాన్యాలు చల్లే మనకి ఇది వేరే చెప్పాలా? ఒకటే పత్తి వేసిన చేను ఎలా ఉంటుందో మనకి తెలుసు.

నాటే ముందు నీటి దారి కూడా చూడాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరి జనం కలిసి గోదావరి డెల్టాలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. చెట్లు పోయిన పల్లంలో నీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. కాలువ తీస్తే పోటు నీరు వచ్చి పోతూ ఆ ఉప్పును కడిగేస్తుంది. డెల్టా రైతు భాషలో చెప్పాలంటే చౌడు నేలకి మురుగు కాలువ తీసినట్టే.

అసలు చిక్కు ఎండాకాలంలో. ధవళేశ్వరం కిందికి మంచినీరు తగ్గేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. అప్పుడు గట్టి రకాలే మిగులుతాయి, మంచినీరు కోరే రకాలు వెనక్కి తగ్గుతాయి. రొయ్యల చెరువులకీ, ఇళ్ల స్థలాలకీ పోయిన మడ కంటికి కనబడుతుంది కాబట్టి గొడవైనా చేస్తాం. ఇలా ఒక్కో రకం జారిపోతే అడిగే నాథుడు లేడు.

కంపెనీల డబ్బుతో మొక్కలు నాటించే మిత్రులకి నాదొకటే మాట. ఎన్ని లక్షల మొక్కలు అని బోర్డు పెట్టకండి. ఏ రకం ఎన్ని నాటారు, మూడేళ్ల తర్వాత ఏ రకం ఎన్ని బతికాయి, అది రాయండి.