సువాసన చూసి మోసపోకండి

కొడైకానల్‌లో గంటల్లా వేలాడే బాకా పూలు చూసే ఉంటారు. సాయంత్రమైతే ఘుమఘుమలాడతాయి. కొమ్మ తెచ్చి తిరుమంగళంలో వాకిట నాటాలనిపిస్తుంది. కానీ అది మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. యునానీలో ఉమ్మెత్త పేరు జౌజ్ మాసిల్. శుద్ధి చేయనిదే హకీములు దాన్ని మందులో కలపరు. రెండింటికీ ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. వాటిలోని అట్రోపిన్, స్కోపలమిన్ కడుపులోకి పోతే నోరెండుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, ఒళ్ళు కాలుతుంది, మతి తప్పుతుంది, ప్రాణమూ పోవచ్చు.

పసిపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో ఈ మొక్క వద్దనే నా మాట. వాసనే కావాలంటే 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లె లేదా? ఇప్పటికే పెంచుతుంటే, కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోండి, అంతవరకు కన్ను నలపకండి. ఎవరైనా తింటే ఇంటివైద్యమని, హకీమని ఆలస్యం చేయక వెంటనే 108కి ఫోన్ చేయండి.