భేస్తాన్ బడికి ఒక తెలుగక్క కావాలి

గుజరాతీ ‘ఒకటి’ అంకెను ఎప్పుడైనా చూశారా? అచ్చం మనం రాసే తొమ్మిదిలా ఉంటుంది. సూరత్ దక్షిణపు అంచున ఉన్న భేస్తాన్‌లో, తెలుగింట పుట్టిన పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంకెలంటే అమ్మ ఫోన్లో కనిపించేవీ, పది రూపాయల నోటు మీద ఉండేవీ. ఆరేళ్లు నిండి జూన్‌లో గుజరాతీ మీడియం ఒకటో తరగతికి పోతే, బెన్ బోర్డు మీద ఆ తొమ్మిది లాంటిదాన్ని రాసి ‘ఏక్’ అంటుంది. టీచరమ్మను అక్కడ బెన్ అనే పిలుస్తారు. పిల్ల నోరు విప్పదు. విప్పితే ‘తొమ్మిది’ అంటుంది, అది ఆ గదిలో ఎవరికీ అర్థం కాదు. కొన్ని వారాలు ఇలాగే సాగితే ‘ఈ పిల్ల కాస్త మందం’ అన్న మాట ఇంటిదాకా వస్తుంది. తల్లి కూడా ఆ మాట నమ్మేస్తుంది. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

ముంబై నుంచి వచ్చే రైలు మార్గంలో సచిన్ దాటాక, ఉధనాకు ముందు వచ్చే చిన్న స్టేషన్ భేస్తాన్. చుట్టూ పాండేసరా, ఉధనా, సచిన్ పారిశ్రామిక వాడలు, సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలు, అద్దకం మిల్లులు. ఇటువైపూ, లింబాయత్, దిండోలీల వైపూ తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. భివండీకి, షోలాపూర్‌కు పోయినవాళ్ల చుట్టాలే వీళ్లూ. సాంచాల మీద పన్నెండు గంటల పాళీ. తండ్రిది రాత్రి పాళీ అయితే పిల్ల బడికి బయల్దేరే వేళకు ఆయన పడుకుని ఉంటాడు, పగటి పాళీ అయితే పిల్ల పడుకున్నాక ఇంటికొస్తాడు. తల్లి ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించడమో, దారాలు కత్తిరించడమో చేస్తుంది, పీసుకు ఇంత అని. పక్క గదిలో గంజాం ఒడియా వాళ్లు, ఎదురింట్లో బీహార్ వాళ్లు, కింద ఖాందేశ్ మరాఠీలు. అందరికీ అర్థమయ్యేది హిందీ కాబట్టి గల్లీలో నడిచేది హిందీ. అంటే గుజరాత్‌లో పుట్టి పెరుగుతున్నా, ఈ పిల్ల చెవిన గుజరాతీ గట్టిగా పడేది బడిలో అడుగు పెట్టిన రోజునే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో మూడోది.

సూరత్‌ను తప్పుపట్టాలని ఈ మాట ఎత్తడం లేదు. ఆ నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లిష్, ఒడియా, తెలుగు భాషల్లో బడులు నడుపుతోంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు కోసం ప్రయత్నించాలని రాష్ట్రాలతో పాటు స్థానిక సంస్థలను కూడా అడుగుతుంది. ఆ ‘స్థానిక సంస్థలు’ అన్న మాటను చదివి వదిలేయకుండా ఆచరించిన నగరాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముంబై ఒకటి, సూరత్ ఒకటి.

అయినా తెలుగు తల్లిదండ్రులు చాలామంది తెలుగు మీడియం వైపు చూడరు. ఎందుకు చూడాలి అని అడుగుతారు, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నగరపాలక ప్రాథమిక బడి ఎనిమిదితో ఆగుతుంది. ఆ తర్వాత? రేపు మార్కెట్‌లో దుకాణంలో చేరాలన్నా, కార్ఖానాలో సూపర్‌వైజర్ కావాలన్నా గుజరాతీ, హిందీ కావాలి. అందుకని గుజరాతీ మీడియం, నాలుగు డబ్బులు మిగిలితే వీధి చివర ఇంగ్లిష్ మీడియం. వాళ్లకు మాతృభాష మీద ఉపన్యాసమిచ్చే అర్హత మనకెక్కడిది? ఆంధ్రప్రదేశ్ 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిష్‌కు మార్చే ఉత్తర్వు ఇచ్చింది, దాన్ని 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. ఇక్కడ ఉన్నవాళ్లే వదులుకుంటున్నదాన్ని అక్కడికి పొట్ట చేతబట్టుకుని పోయినవాళ్లు కాపాడాలనడం పెద్దరికం కాదు.

కాబట్టి మీడియం తగవు పక్కన పెడదాం. నేను అడిగేది చాలా చిన్నది. గుజరాతీ మీడియమే కానివ్వండి. ఒకటి, రెండు తరగతుల్లో మాత్రం తెలుగు పిల్లలున్న గదిలో తెలుగు తెలిసిన పెద్దమనిషి ఒకరు, రోజూ కాసేపు, ఉండాలి. టీచరే కానక్కర్లేదు. డిగ్రీలక్కర్లేదు. అదే గల్లీలో ఇంటర్ దాకా చదివి గుజరాతీ గడగడా మాట్లాడే అమ్మాయి అయితే మరీ మంచిది. ఆమె పాఠం చెప్పదు. బెన్ ఏమడిగిందో పిల్లకు చెబుతుంది, పిల్ల ఏమన్నదో బెన్‌కు చెబుతుంది. అంతే పని.

‘పిల్లలకు భాషలు ఇట్టే వచ్చేస్తాయండీ, ఆరు నెలల్లో వాళ్లే నేర్చుకుంటారు’ అని ఎవరైనా అంటారు. నిజమే, వస్తాయి. కానీ వచ్చేది ఏ భాష? పెన్సిల్ ఇవ్వు, నీళ్లు తాగొస్తా, వీడు నన్ను కొట్టాడు, ఇవాళ సుఖడీ మిఠాయి పెడతారా. ఈ మాటలు నెలల్లో వస్తాయి. పాఠం భాష వేరు. ఎందుకంటే, అయితే, దానికన్నా ఎక్కువ, మిగిలినది ఎంత, ముందు ఏం జరిగింది. ఇది రావడానికి ఏళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చాడు. మాట్లాడే భాషకు రెండేళ్లు పడితే చదువు భాషకు అయిదు నుంచి ఏడేళ్లు అని ఆయన అంచనా. గల్లీలో చురుగ్గా మాట్లాడే పిల్లాడు మూడో తరగతి పర్యావరణం పుస్తకం ముందు నీళ్లు నమలడం చూసి మనం ‘చదువు మీద ధ్యాస లేదు’ అంటాం. ధ్యాస ఉంది, మాట అందలేదు.

లెక్కల దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. తెలుగులో 47ను ‘నలభై ఏడు’ అంటాం. ముందు నలభై, తర్వాత ఏడు. కాగితం మీద రాసే వరుస కూడా అదే. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కాస్త తిరకాసు ఉన్నా, ఇరవై దాటితే తెలుగు లెక్క నున్నటి రోడ్డు. ఇరవై, ముప్పై, నలభై వస్తే తొంభై తొమ్మిది దాకా ఎవరూ చెప్పకుండానే పిల్ల తనే పోతుంది. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని మాస్టారు విడిగా బోధించే సంగతిని భాషే సగం బోధించి పెడుతుంది. గుజరాతీలో అదే 47 ‘సుడతాళీస్’. ఏడు ముందొస్తుంది, నలభై తర్వాత. 29 అయితే ‘ఓగణత్రీస్’, ముప్పైకి ఒకటి తక్కువ అని. 39 ‘ఓగణచాళీస్’, నలభైకి ఒకటి తక్కువ. నూరు దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ వేరే పేరు, విడివిడిగా బట్టీ పట్టాల్సిందే. హిందీ పిల్లలకూ ఇదే తంటా. గుజరాతీ ఇంటి పిల్ల కనీసం ఉయ్యాల్లోంచి ఈ పేర్లు వింటూ ఉంటుంది. మన పిల్లకు ఆ వినికిడీ లేదు. ‘సుడతాళీస్’ రాయమంటే ఏడు ముందు రాసి నాలుగు తర్వాత రాస్తే అది పిల్ల తప్పా?

ఈ పిల్ల ఇంట్లో తల్లి రోజూ చేసేది లెక్కే. ఎన్ని చీరలు వచ్చాయి, ఎన్నిటికి రాళ్లు అంటించాం, పీసుకింత చొప్పున ఎంత రావాలి. పదేసి చీరలు ఒక కట్ట కట్టి పక్కన పెడుతుంది. నాలుగు కట్టలు, పైన ఏడు విడి చీరలు. స్థాన విలువ పాఠం అంటే ఇదే కదా. అదంతా తెలుగులో జరుగుతుంది. ఆ ఇంటి లెక్కను బడి గుమ్మం దాటనిస్తే సగం పని అయిపోతుంది. ముందు నలభై ఏడు అంటే నాలుగు పదులూ ఏడూ అని తెలుగులో తలకెక్కాలి. ఆ తర్వాత ‘సుడతాళీస్’ కొత్త పేరే తప్ప కొత్త లెక్క కాదు. నా ఉద్దేశంలో ఒకటో తరగతిలో లెక్కల పరీక్ష నోటితో పెట్టనే కూడదు. పుల్లలు, గింజలు, పలక ఇచ్చి చూడాలి. పిల్ల ఏ భాషలో పెదవులాడించి లెక్కపెట్టిందన్నది బెన్‌కు అనవసరం.

ఇదంతా గుజరాత్‌కు కొత్త విద్య కూడా కాదు. 2010లో అక్కడి ప్రభుత్వ బడుల్లో ‘ప్రజ్ఞా’ అనే పద్ధతి మొదలైంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలను కలిపి కింద గుండ్రంగా కూర్చోబెట్టి, కార్డులతో, మెట్లుమెట్లుగా, ఎవరి వేగం వాళ్లదిగా నేర్పడం. కొన్ని పనులు టీచరు సాయంతో, కొన్ని తోటి పిల్లల సాయంతో, కొన్ని ఎవరికి వారు. ఈ మెట్ల పద్ధతి మూలం ఎక్కడుందనుకుంటున్నారు? మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో. చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు తయారుచేసిన కార్డుల పెట్టె కర్ణాటకలో ‘నలి కలి’కి, తమిళనాడులో కృత్యాధార బోధనకు దారి చూపింది, గుజరాత్ దాకా వెళ్లింది. రాయలసీమ పల్లె పిల్లల కోసం పుట్టిన పద్ధతి భేస్తాన్‌లాంటి చోట తెలుగు పిల్లల ముందుకే గుజరాతీలో వచ్చిందంటే కాస్త గర్వం, కాస్త నవ్వు రెండూ కలుగుతాయి.

ఆ పద్ధతిలో నాకు పనికొచ్చే అంశం తోటి పిల్లల సాయం. నిరుడు ఒకటిలో ఇదే అవస్థ పడి ఇవాళ రెండులో ఉన్న తెలుగు పిల్ల పక్కనే కూర్చుని ఉంటుంది. వాళ్లిద్దరినీ ఒక గుంపులో వేసి, తెలుగులో మాట్లాడుకోనిస్తే చాలు. పైసా ఖర్చు లేదు. ‘గుజరాతీమే బోలో’ అని గదమాయించకుండా ఉండటమే బెన్ చేయాల్సింది. నిశ్శబ్దంగా ఉన్న తరగతి మంచి తరగతి అనే భ్రమ మన ఊళ్లలోనూ పోలేదు, అక్కడా పోయి ఉండదు.

ఈ భ్రమ మీద గుజరాత్‌లోనే నూరేళ్ల కిందట యుద్ధం చేసినవాడు గిజుభాయ్ బధేకా. వకీలు పని మానుకుని 1920లో భావనగర్‌లో బాలమందిర్ పెట్టాడు. మీసాలున్న అమ్మ అని ఆయనకు పేరు. ఆయన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. టీచరుగా చేరేవాళ్లకు నియామక పత్రంతో పాటు ఇవ్వదగ్గ పుస్తకం అది. అందులో మాస్టారు అల్లరి పిల్లలను దారికి తెచ్చుకునేది బెత్తంతో కాదు, కథతో. అయితే ఆ కథ పిల్లల సొంత నోటి భాషలో ఉంది కాబట్టే వాళ్లు కదలకుండా కూర్చున్నారు. అర్థం కాని కథకు ఏ పిల్లా కూర్చోదు. వారానికి ఒక కథ తెలుగులో, ఒకటి ఒడియాలో, ఒకటి గుజరాతీలో చెప్పించండి. గుజరాతీ పిల్లలు కూడా వింటారు, వాళ్లకూ లాభమే.

గుజరాతీకి దీనివల్ల లోటేమీ రాదు. 2023లో ఆ రాష్ట్రం ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని బడుల్లో గుజరాతీని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, పాటించని బడులకు జరిమానా కూడా పెట్టింది. తెలంగాణ 2018లోనే తెలుగుకు అలాంటి చట్టం చేసుకుంది. ఏ నేల మీద బతుకుతుంటే ఆ నేల భాష పిల్లలకు రావాలి, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. ఎలా రావాలన్నదే ప్రశ్న. తెలిసిన భాష నుంచి తెలియని భాషకు నడిపించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో కోయ, గోండి, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల పిల్లలకు మొదటి తరగతులు వాళ్ల మాటల్లో చెప్పి మెల్లగా తెలుగులోకి తీసుకురావాలని మొదలుపెట్టినప్పుడు అనుకున్నదీ ఇదే. ఆ పుస్తకాలను తెలుగు లిపిలోనే అచ్చేశారు. మొదలుపెట్టిన ఉత్సాహంతో కొనసాగించలేదు, అది మన రోగం. తెలంగాణ ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియా వలంటీర్లతో బడులు నడిపిన అనుభవమూ మనకుంది. ఒడియా పిల్లకు మనం చేసినది సూరత్‌లో మన పిల్లకు జరగాలని కోరడం అత్యాశ కాదు.

ఇంతకీ ఆ తెలుగక్కకు జీతం ఎవరివ్వాలి? ప్రభుత్వమే ఇవ్వాలని రాసి చేతులు దులుపుకోవచ్చు. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు అన్నది. మూడో తరగతికల్లా ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలన్న ‘నిపుణ్ భారత్’ గడువు 2026-27. కాగితాలకు కొదవ లేదు. కానీ ప్రభుత్వం కదిలే లోపు ఈ ఏడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల మూడుకు వచ్చేస్తుంది. సూరత్‌లో తెలుగు సంఘాలున్నాయి, కుల సంఘాలున్నాయి. బతుకమ్మకు, మార్కండేయ జయంతికి చందాలు బాగానే పోగవుతాయి. పండుగలు మానమని అనను. ఒక పందిరి అలంకరణ తగ్గించుకుంటే ఒక అమ్మాయికి జూన్ నుంచి దీపావళి సెలవుల దాకా, రోజుకు రెండు గంటలకు, గౌరవంగా ఇవ్వగలిగినంత వస్తుంది. మొదటి అయిదు నెలలే గండం. ఆ తర్వాత పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

భేస్తాన్‌లోని తెలుగు తల్లులకు ఒక మాట. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం మీ బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. గుజరాతీ రాదని వెనక్కి తగ్గకండి, హిందీలోనే అడగండి. ఒకటో తరగతి గదిలో కూర్చోవడానికి మా గల్లీ అమ్మాయిని పంపుతాం, రానివ్వండి అని వచ్చే సమావేశంలో అడగండి.