బడి మూతపడితే ఇంటికో ఫోన్

కోవిడ్‌తో బడులు మూతపడి ఉండగా, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా టైంటేబుల్ వేశారు. ఒకటి, రెండు తరగతుల వాళ్లు అందులో లేరు. ఆరేడేళ్ల పిల్లలకు టీవీ అక్షరాలు నేర్పలేదన్న అంచనా సరైనదే. కానీ దాని బదులు ఏం చేయాలన్నది ఇళ్లకే వదిలేశారు. ప్రాథమిక బడులు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబర్‌లో.

2020లో ఒకటో తరగతిలో ఉండాల్సిన పిల్లలు, 2022లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే బృందాలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లేసరికి మూడో తరగతికి వచ్చేశారు. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన వాళ్లు తెలంగాణలో 2018లో 18.1 శాతం ఉంటే, అప్పటికి 5.2 శాతం మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు, దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు తగ్గారు. రెండు తెలుగు రాష్ట్రాలూ మూతకు ముందే దేశ సగటు కన్నా వెనకబడి ఉన్నాయి. అసలే బలహీనంగా ఉన్న పునాది మీదే ఈ దెబ్బ పడింది.

కోవిడ్‌తో పోయిన కష్టంలే అనుకోవడానికి లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు బడులు మూతపడ్డాయి. తుపానులు, ఎండలు ఏటా ఉండేవే. ఇప్పుడిప్పుడే గుణింతాలు పట్టుబడుతున్న బిడ్డకు నెల విరామమే ఎక్కువ.

ఈ విషయంలో ఆఫ్రికాలోని బోట్స్‌వానా మనకు దారి చూపింది. 2020లో అక్కడ బడులు మూసినప్పుడు ప్రాథమిక తరగతుల పిల్లల కుటుంబాల్లో కొందరికి వారానికో లెక్క ఎస్ఎంఎస్‌గా పంపారు. ఇంకొందరికి ఎస్ఎంఎస్‌తో పాటు వారానికోసారి ఫోన్ చేసి, ఇరవై నిమిషాల లోపే, పెద్దవాళ్లను, బిడ్డను కలిపి కూర్చోబెట్టి ఆ లెక్క చేయించారు. ఉత్త ఎస్ఎంఎస్‌తో ఫలితం రాలేదు, ఫోన్ వెళ్లిన ఇళ్లలో పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారు. తర్వాత ఇదే పద్ధతిని మన దేశంతో సహా మరో ఐదు దేశాల్లో పరీక్షించారు. నేపాల్, ఫిలిప్పీన్స్‌లలో ప్రభుత్వ టీచర్లు కూడా ఈ కాల్స్ చేశారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు. వాట్సాప్ గ్రూపులో వీడియో లింకు పెట్టేసి పని అయిందనుకునే మన అలవాటుకు ఇది సూటి జవాబు.

మరి ఇంట్లో చదువుకున్న వాళ్లు లేకపోతే? 'మాకే చదువు రాదు, మేమేం నేర్పుతాం సారూ' అనే తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ మాట వెనకున్న జంకును పోగొట్టడం బడి బాధ్యత. బిహార్, రాజస్థాన్‌ పల్లెల్లో తల్లులకు చదువు నేర్పి, బిడ్డతో ఇంట్లో ఏం చేయించాలో వారం వారం చూపించినప్పుడు పిల్లలు లెక్కల్లో మెరుగుపడ్డారు. మెరుగుదల కొద్దిపాటిదే, కానీ తల్లులు బిడ్డ చదువును పట్టించుకోవడం కూడా పెరిగింది. వామనగుంటలు ఆడించే నాయనమ్మకు అక్షరం ముక్క రాకపోవచ్చు. 'ఈ గుంటలో గింజలు పంచుకుంటూ పోతే నీ చెయ్యి ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పు' అని ఆమె అడిగితే మనవరాలు మనసులో లెక్క కట్టక తప్పదు. రాత్రి చెప్పిన కథను పొద్దున బిడ్డ చేత తిరిగి చెప్పించడం కూడా భాష నేర్పడమే. ఇవి ఆ ఇళ్లలో ఉన్నవే. ఇవీ చదువేనని టీచర్ నోటి నుంచి వినాలి, అప్పుడే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

మన దగ్గర ఈ కాల్స్ చేయాల్సింది టీచర్లే. వాళ్లకు ఇప్పటికే మోయలేనన్ని పనులున్నాయన్నది నిజం. అందుకే సెలవుల్లో చేసే కాల్స్‌ను పనిగంటలుగా లెక్కగట్టాలి, ఫోన్ ఖర్చు ప్రభుత్వమే భరించాలి, ఆ రోజుల్లో యాప్‌లో నింపాల్సిన వివరాలను ఆపాలి. మొదట ఒకటి, రెండు తరగతులకే పెట్టుకున్నా చాలు. మన పల్లెల్లో చాలా ప్రాథమిక బడుల్లో ఈ రెండు తరగతుల్లో కలిపి ఉండేది కొద్దిమంది పిల్లలే. అసలు చిక్కు వేరే ఉంది. చాలా ఇళ్లలో ఒక్కటే ఫోన్, అది పొద్దున్నే తండ్రితో పాటు పనికి వెళ్లిపోతుంది. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే టీచర్ ఫోన్ నంబరు పక్కన అది ఇంట్లో ఉండే వేళ కూడా రాసుకుంటే, జూలై వానలకు సెలవు ప్రకటించిన సాయంత్రమే మొదటి కాల్ వెళ్తుంది.