ఊరి మైకు ఊరికే

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వస్తుంటే లంక ఊళ్ల జనానికి కావలసింది ఒక్క ముక్క: మన కరకట్టకు నీళ్లు ఎప్పటికి తగులుతాయి? టీవీ పెడితే బెజవాడ సింగ్‌నగర్ కనిపించింది. ఫోన్లో ఏ ఏడాదిదో, ఏ ఏటిదో తెలియని గండి వీడియో తిరిగింది.

ఆ ముక్క చెప్పే గొంతు ఊళ్లోనే ఉండాలి. కృష్ణా జిల్లా చల్లపల్లికి సొంత కమ్యూనిటీ రేడియో రావాలి. దాన్ని బడులు, డ్వాక్రా సంఘాలు, వీధి కమిటీలు కలిసి నడపాలి. 2014 నవంబరు నుంచి తెల్లవారకముందే చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కుతున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తల ఊరిది. మనుషులు దొరకరన్న సాకు ఇక్కడ చెల్లదు.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం తలుపు తీసింది. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు దాన్ని నడిపారు. ఆ కథలో చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. అనుమతి వచ్చేదాకా వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఏళ్ల తరబడి క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు. లైసెన్సు వచ్చేసరికి చెప్పేవాళ్లూ వినేవాళ్లూ సిద్ధంగా ఉన్నారు.

రోజూ చెప్పడానికి ఏముంటుందని అడిగేవాళ్లు ఓసారి కాలవ గట్టెక్కాలి. నీళ్లు వదిలారా, మన వంతు ఎప్పుడు, మురుగు కాలవలో గుర్రపుడెక్క తీశారా? సార్వా అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని బస్తా పక్కన పెడతారు. తేమ కొలిచే మీటరు ఎలా పెడతారో, గింజను ఎంత ఆరబెడితే అంకె ఎంత దిగుతుందో తొమ్మిదో తరగతి పిల్ల కళ్లంలో నిలబడి అడిగి రికార్డు చేసుకొస్తే అయిదు నిమిషాల కార్యక్రమం తయారు. వరి కోతకు ముందే మినుము చల్లే ఊళ్లివి. పల్లాకు తెగులు కనిపించిన రోజునే పక్కనున్న ఘంటసాల వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్త మాట వినిపిస్తే, మందుల కొట్టు సలహా ఒక్కటే దిక్కు కాదు.

దీని పరిమితులూ దాచక్కర్లేదు. 100 వాట్ల ప్రసారం పది పదిహేను కిలోమీటర్లకు మించి పోదు. మోపిదేవికి వినిపిస్తుంది, హంసలదీవికి వినిపించదు. నాగాయలంక, కోడూరు తమ స్తంభం తామే నిలబెట్టుకోవాలి. చాలా కొత్త ఫోన్లలో ఎఫ్ఎం ఉండడం లేదన్నదీ నిజమే. కానీ గాలివానకు సెల్ టవర్లు మూగబోయిన రాత్రి పనికొచ్చేది బ్యాటరీ రేడియోనే.

మాకు మింగుడుపడనిది ఇంకొకటి. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదట. ఆకాశవాణి వార్తలనే వినిపించాలట. వాతావరణం చెప్పొచ్చు, కరెంటు కోత చెప్పొచ్చు, గట్టు ఎందుకు తెగిందని వార్త చెప్పకూడదు! కేంద్రం ఈ నిబంధన ఎత్తేయాలి.

పార్టీలకు, వ్యక్తులకు లైసెన్సు ఇవ్వరు. అది మంచిదే. అయితే మన దగ్గర నాన్నగారి పేరు మీద ట్రస్టు పెట్టడం ఎంతసేపు? అందుకే దరఖాస్తు మూడేళ్లుగా ఊళ్లో పనిచేస్తున్న రిజిస్టరైన సంస్థ పేరు మీదే వెళ్లాలి. ఏం వినిపించాలో తేల్చే కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మైకు ఊరికే చెందాలి. ఊరికే అంటే ఖర్చు లేకుండా అని కాదు. గంటకు 12 నిమిషాల ప్రకటనలకు నిబంధనలు ఒప్పుకుంటాయి. బట్టల కొట్టూ ఎరువుల కొట్టూ ఆ ఖర్చులో కొంత మోయగలవు.

ఢిల్లీలో ఫైలు కదిలినప్పుడు కదులుతుంది. పంచాయతీ ఈ నెలలోనే ఒక గది తాళంచెవి బడికివ్వాలి. పిల్లలు రికార్డు చేసింది బస్టాండు దగ్గర స్పీకర్లో, డ్వాక్రా సమావేశాల్లో వినిపించాలి. మొదటి రికార్డింగు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవాళ్లతోనే చేయాలి. ఆ రాత్రి పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు.