పని వెదకుటయు పనియే

1934లో నెలకొల్పబడిన వరంగల్లు ఆజంజాహి మిల్లు వేలమందికి అన్నము పెట్టినది. 2002లో అది మూతపడినది. ఇచ్చటి నేతగాండ్రనేకులు సూరత్తు, భివండి, షోలాపురములకు వలసపోయిరి. ముందు వెళ్లిన బంధువు పంపిన కబురే పలువురకు దారి చూపినది. మంచిదే, కాని అట్టి బంధువు లేనివాని గతి యేమి? వానికొరకే ఉపాధి కల్పన కార్యాలయము లున్నవి. అయినను, పేరు నమోదు చేయించి యింట కూర్చుండుట పని వెదకుట కాదని నా అభిప్రాయము. ఎచ్చట ఖాళీ కలదో, ఎవరి నెన్నడు కలిసితిమో, దరఖాస్తు ఎప్పుడు పంపితిమో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. అందు మొదటి పుట సొంత ఊరిదే కావలెను. కొత్తవాడ మగ్గములపై నేసెడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. సూరత్తు రైలెక్కుటకు ముందు, ఆ వీధిలో కూలి యెంతయో విచారింపవలదా?