బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత: ప్యాకార్డ్ కరీబియన్ కథ

పాత అమెరికన్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ దగ్గర ప్యాకార్డ్ కరీబియన్ పేరెత్తి చూడండి. వెంటనే 1956 మోడల్ ఫోటో ఒకటి తీసి చూపిస్తారు. మూడు రంగుల పెయింటు, నొక్కితే గేరు మారే మీటలు, ఓ వైపు తోలు, రెండో వైపు నేతగుడ్డ ఉండి మనక్కావలసినట్టు తిరగేసుకునే సీటు దిళ్ళు. ఆ తర్వాత ఓ పెద్ద నిట్టూర్పు. ఆ వెనకే తీర్పు: "ఇంత గొప్ప కారు చేసిన కంపెనీ మూతబడిందంటే, జనానికి విలువ తెలీకనే!"

ఈ తీర్పు శుద్ధ తప్పు. పైగా మనలాంటి వాళ్ళకి ప్రమాదకరం కూడా. ఎందుకో చెప్తాను.

ముందు లెక్కలు చూద్దాం. కరీబియన్ 1953లో వచ్చింది. ధర 5,210 డాలర్లు. ఆ డబ్బుకి అప్పట్లో మామూలు షెవ్రొలే సెడాన్లు రెండు కొనుక్కుంటే ఇంకా చిల్లర మిగిలేది. మొదటి ఏడాది 750 కార్లు చేశారు. 1954లో 400, 1955లో 500, 1956లో 276. నాలుగేళ్ళలో కన్వర్టిబుల్సు మొత్తం కలిపి 1,926. అన్నీ లాభానికే అమ్మారనుకున్నా ఒక కంపెనీని నిలబెట్టే సంఖ్య కాదది. అయినా దాని పని అమ్ముడుపోవడం కాదు లెండి. షోరూం అద్దాల వెనక నిలబడి జనాన్ని లోపలికి లాగడం.

సరే, జనం లోపలికి వచ్చారు. అక్కడ వాళ్ళకి కనబడిందేమిటి? అసలు కథ ఇక్కడుంది.

ప్యాకార్డ్ 1940ల మొదట్లోనే తన కార్ల బాడీలు చేయడం మానేసి, ఆ పని బ్రిగ్స్ అనే బయటి కంపెనీకి అప్పగించింది. మన భాషలో చెప్పాలంటే ఔట్‌సోర్సింగ్. పది పన్నెండేళ్ళు బండి నడిచింది. 1953 చివర్లో క్రైస్లర్ ఆ బ్రిగ్స్‌ని కొనేసింది. అంటే రాత్రికి రాత్రి ప్యాకార్డ్ బాడీలు పోటీదారు చేతిలో పడ్డాయి. 1954 మోడళ్ళ తర్వాత మీ దారి మీరు చూసుకోండి అన్నారు.

అప్పుడు ప్యాకార్డ్ ఏం చేసింది? డెట్రాయిట్‌లోనే కానర్ ఎవెన్యూలో ఉన్న ఒక బ్రిగ్స్ ప్లాంటుని క్రైస్లర్ దగ్గరే అద్దెకి తీసుకుంది. బాడీల తయారీతో ఆగకుండా ఫైనల్ అసెంబ్లీ మొత్తాన్ని కూడా అందులోకే మార్చింది. ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లోని సొంత ఫ్యాక్టరీ సుమారు 35 లక్షల చదరపు అడుగులు. కొత్తగా దూరిన చోటు అందులో నాలుగో వంతు కూడా లేదు. అదే ఏడాది కొత్త వీ-8 ఇంజను, కొత్త సస్పెన్షను. చోటు కొత్తది, ఇంజను కొత్తది, సస్పెన్షను కొత్తది, అన్నీ ఒకే రిలీజులో! ఇలాంటి ప్లాను ఏ ఫ్రెషరు తెచ్చి చూపించినా మనం నవ్వి పంపించేస్తాం.

ఫలితం ఊహించడం కష్టమేం కాదు. 1955 కార్లు సగం సగం పనితో బయటికొచ్చాయి. సరిచెయ్యాల్సిన బాధ్యత డీలర్ల నెత్తిన పడింది. కొత్త ఇంజనులో ఆయిల్ పంపుకే వైపర్లకి సాయం చేసే వాక్యూం పంపుని తగిలించారు. అక్కడ లీకైతే ఆయిల్లోకి గాలి చేరి ఇంజను టకటకా కొట్టుకునేది. లక్షణమైన కారు కొన్నామని మురిసినవాడు ఆ చప్పుడు విన్నాక పక్కింటాయనకి ఏం చెప్తాడు? ఈ కంపెనీ నినాదమే "ఈ కారున్న మనిషిని అడగండి" అని. అడిగారు మరి!

ఇక్కడ ఇంజనీర్లని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 1955లో వచ్చిన టార్షన్-లెవెల్ సస్పెన్షన్ నిజంగా అద్భుతం. ముందు చక్రాన్ని వెనక చక్రాన్ని కలుపుతూ పొడవాటి ఇనపకడ్డీలు, బరువు మారితే కారుని మళ్ళీ సమంగా నిలబెట్టే ఎలక్ట్రిక్ మోటారు. విలియం ఆలిసన్ బుర్రలో పుట్టిన ఆలోచన అది. తెలివికి కొదవ లేదు. కొదవల్లా ఆ తెలివిని కుదురుగా బిగించి బయటికి పంపే ఫ్యాక్టరీకి.

"అబ్బే, జనరల్ మోటార్స్, ఫోర్డ్ కలిసి చిన్నవాళ్ళని తొక్కేశాయి" అనేవాళ్ళూ ఉన్నారు. కొంత నిజమే. ఫోర్డ్, షెవ్రొలే పోటీ పడి 1953-54లో మార్కెట్టుని కార్లతో ముంచేశాయి. 1954లో స్టూడ్‌బేకర్‌ని కలుపుకోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. కానీ అదే 1954లో నాష్, హడ్సన్ కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాయి. వాళ్ళు బతికిందేమీ విలాసాల కన్వర్టిబుల్‌తో కాదు. రాంబ్లర్ అనే చిన్న, చవకైన, సాదాసీదా కారుతో 1958కల్లా లాభాల్లోకి వచ్చారు.

మరి క్యాడిలాక్ మాటేంటి? వాళ్ళూ 1953లో ఎల్డొరాడో అనే షోకు కారు తెచ్చారు. 7,750 డాలర్లు, 532 కార్లు. కానీ దానికున్న వంపు తిరిగిన ముందు అద్దం లాంటిదే మరుసటి ఏడాది మామూలు క్యాడిలాక్‌లన్నిటికీ వచ్చేసింది. ఎల్డొరాడోని మామూలు బాడీ మీద కట్టి రెండు వేల డాలర్ల దాకా తగ్గిస్తే 1954లో 2,150 అమ్ముడయ్యాయి. అక్కడ షోకు కారుకి వెనక కొండంత ఫ్యాక్టరీ ఉంది. షోకు కారు తప్పు కాదు, వెనక ఏమీ లేకపోవడం తప్పు.

1956లో అప్పు పుట్టలేదు. ఆ జూన్‌లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీ ఆగిపోయింది. స్టూడ్‌బేకర్లకి ప్యాకార్డ్ బిళ్ళ తగిలించి ఇంకో రెండేళ్ళు ఈడ్చి, 1958లో పేరు కూడా ఆపేశారు. వీధిన పడ్డది కరీబియన్ గీసినవాడు ఒక్కడే కాదు, తలుపులు బిగించినవాడు, పెయింటు వేసినవాడు, అందరూను.

ఇదంతా మనకెందుకంటారా? మన ఆఫీసుల్లో డెమో చేసినవాడికి చప్పట్లు, ప్రొడక్షన్‌లో బగ్గు సరిచేసినవాడికి మొట్టికాయలు. బిల్డు, టెస్టింగు, సపోర్టు అంటే మొహం చిట్లిస్తాం. ఎప్రైజల్ ఫారంలో రాసుకోవడానికి ఒక కరీబియన్ కావాలి అందరికీ. కానర్ ఎవెన్యూలో పని చేస్తామని చెయ్యెత్తేవాడు ఒక్కడూ ఉండడు. ఎత్తినవాడికి మేనేజరు రేటింగు ఇవ్వడు. రేపు లేఆఫ్ లిస్టు వచ్చిననాడు మాత్రం అందరం ఒకే లైనులో నిలబడతాం.

కరీబియన్ అందమైన కారే. నిట్టూర్చండి, కాదనను. కానీ ఆ కారు చూసి కాదు, ఆ కారు బయటికొచ్చిన తలుపు వెనక ఏం జరిగిందో చూసి నిట్టూర్చండి. ఏమంటారు?