స్కానింగు సెంటరులో నోరు విప్పి అడగండి



పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని గూర్చి మార్కు సువార్త 5వ అధ్యాయములో చదువుతాము. ఎందరో వైద్యుల చుట్టూ తిరిగింది, చేతిలో డబ్బు అయిపోయింది, జబ్బు మాత్రము తగ్గలేదు. ఆ భాగము చదివినప్పుడెల్లా మన సంఘములలోని రోగులే మా కళ్ళయెదుట నిలుస్తారు. ఊరిలో ఆర్.ఎం.పి. దగ్గర మొదలుపెట్టి పట్టణములో స్కానింగు సెంటరు చేరేసరికి మేకలు, చెవికమ్మలు కూడా అమ్ముడుపోతాయి. అంత ఖర్చుపెట్టినవారు అక్కడ ఒక్క ప్రశ్నయైనా అడగరు. "వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు, మనమేమి అడుగుతామండీ అయ్యగారూ" అంటారు. యాయీరు ఇంటికి వెళ్ళే త్రోవలో ఉండి కూడా ప్రభువు ఆగి, ఆ స్త్రీ చెప్పుకొన్నదంతా విన్నాడు. అడగడము అవిశ్వాసము కాదు, అమర్యాదా కాదు.

1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొన్నాడు. వాటివలన హాని కూడా ఉన్నదని మొదట ఎవరికీ తెలియదు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ఆ గొట్టములను తన చేతులతోనే పరీక్షించి, చేతులు పోగొట్టుకొని 1904లో చనిపోయాడు. నేటి యంత్రములు అటువంటివి కావు. డాక్టరుగారు అవసరమని వ్రాసిన ఎక్స్‌రేకు భయపడనక్కరలేదు. అయితే ఛాతీకి తీసే సి.టి. స్కానులో పడే కిరణములు ఒక మామూలు ఛాతీ ఎక్స్‌రే కంటె ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. అందుచేత "ఎందుకైనా మంచిది, స్కానింగు వ్రాయండి" అని మనమే పట్టుబట్టకూడదు.

గర్భవతియైన స్త్రీ, నెల తప్పిందేమోనని అనుమానమున్న స్త్రీ ఆ సంగతి ముందుగానే చెప్పవలెను. అత్తగారు ప్రక్కనున్నారని సిగ్గుపడవద్దు. పిల్లవానిని పట్టుకొనుటకు ఎవరైనా లోపల ఉండవలసివస్తే సీసపు కోటు అడగండి. గర్భవతి మాత్రము లోపల ఉండరాదు. మన దేశములో ఈ యంత్రములపై అజమాయిషీ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. ఎక్స్‌రే, సి.టి. యంత్రములకు దాని అనుమతి ఉండవలెను. ఉన్నదా అని అడిగితే తప్పులేదు.

ఎం.ఆర్.ఐ. సంగతి వేరు. అందులో ఎక్స్‌రే కిరణములు లేవు, పెద్ద అయస్కాంతము ఉన్నది. స్కాను తీయనప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగికి తోడు వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోనికి వెళ్ళి, యంత్రము ఒక్కసారిగా లాగివేయగా ప్రాణము కోల్పోయాడు. మన అక్కచెల్లెండ్లు బంగారము తీసి ఇస్తారు గాని, పుస్తెలతాడుకు తగిలించిన పిన్నీసులు మరచిపోతారు. పుస్తెలు తీయుటకు మనసొప్పనివారూ ఉన్నారు. తీసి భర్త చేతికివ్వండి, అరగంటలో మరల వేసుకోవచ్చును. గుండెకు యంత్రము పెట్టించుకొన్నవారు, కాలిలో రాడ్లు ఉన్నవారు, వెల్డింగు పనిలో కంటిలో ఇనుపరజను పడినవారు తప్పక చెప్పవలెను.

మందు ఎక్కించి తీసే స్కానులున్నవి. మూత్రపిండముల జబ్బు, ఉబ్బసము, ఇదివరకు ఇంజెక్షను పడకపోవడము, మీరు వాడే షుగరు మాత్రలు, అన్నీ చెప్పండి. ఇంగ్లీషు కాగితముమీద సంతకము పెట్టమంటే తెలుగులో చదివి వినిపించమనండి.

ఇంకొక చిక్కు మనవారికే ప్రత్యేకముగా ఉన్నది. బాప్తిస్మపు పేరు ఒకటి, ఆధార్ కార్డులో పేరు మరొకటి! పైగా ఒకే సంఘములో ముగ్గురు మరియమ్మలు. చీటీలో ఒక పేరు, రిపోర్టులో మరొక పేరు పడితే ఎవరి జబ్బు ఎవరికి అంటగడతారో తెలియదు. కార్డులో ఉన్న పేరే చెప్పండి. కవరు తీసుకొనగానే పేరు, వయస్సు, కుడికాలా ఎడమకాలా అన్నది చూచుకోండి, చదువు రానివారు బడికి వెళ్ళే పిల్లలచేత చదివించుకోండి. రిపోర్టుమీద డాక్టరు సంతకము ఉన్నదో లేదో కూడా చూడండి.

అడగమని ఇంత చెప్పాము గాని, అడగకూడని ప్రశ్న ఒకటున్నది. కడుపులోనిది మగబిడ్డా ఆడబిడ్డా అని అడగడము 1994 చట్టము ప్రకారము నేరము. గర్భములో మనలను నిర్మించినవాడు దేవుడని 139వ కీర్తన పాడుకొనే ఇండ్లలో ఆ ప్రశ్న పుట్టనేకూడదు.

పాత ఫిల్ములను పారవేయకండి. వేరొక ఆసుపత్రికి వెళ్ళినప్పుడు "నెల క్రింద తీసినది ఉన్నదండీ, ఇది సరిపోతుందా?" అని అడిగితే, ఒక్కొక్కసారి రెండవ స్కాను ఖర్చు, దాని కిరణములు రెండూ తప్పుతాయి. ఫిల్మును మడవకుండా, చూరు క్రింద తడి తగలకుండా, కవరుమీద పేరు, తేదీ వ్రాసి పెట్టెలో ఉంచండి.